కండక్టరమ్మ కొట్టిన దెబ్బ

ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసిన మనిషి ఆవిడ. రిటైరై ఎనిమిదేళ్లయినా అందరికీ కండక్టరమ్మే. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పొద్దస్తమానం ఊరందరినీ మోసి, ఇంటికెళ్లి ఇంకొకణ్ణి కూడా మొయ్యాలా?" అనేది. ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేసిందంటే, వెనక సీట్లో కునుకు తీసేవాడు తన స్టాపు కాకపోయినా దిగిపోయేవాడు. ఒకసారి తాగినవాడొకడు చదువుకునే పిల్ల నడుం మీద చెయ్యి వేస్తే, వాడి జుట్టు పట్టుకుని ఫుట్‌బోర్డు దాకా ఈడ్చింది. వాడు మోచేత్తో పొడిచి ఆవిడ ముందుపన్ను రాలగొట్టాడు. పన్ను ఉమ్మేసి మరీ వాణ్ణి రోడ్డు మీదికి తోసింది.

అలాంటి మనిషి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు, మూడు నెలలు ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాలన్నాడు. ఆవిడకున్నది తమ్ముడి కూతురొక్కతే. ఆ పిల్లకి ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. "మూడు నెలలే అత్తా! మంచం, మందులు, మనిషి సాయం అన్నీ అక్కడే ఉంటాయి" అని బతిమాలి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చింది.

కింది అంతస్తు అద్దంలా ఉంది. కిటికీలకు తెరలు, బల్ల మీద పూలకుండీ. కండక్టరమ్మకిచ్చిన గది మాత్రం పై అంతస్తులో. లిఫ్టు పాడైందని ఇద్దరు మనుషులు ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. ఎప్పుడు పాడైందని అడిగితే, "నేను పనిలో చేరకముందే" అన్నాడొకడు. పైకి చేరేసరికి ఉచ్చకంపు, ఫినాయిలు కంపు కలిసి ముక్కుపుటాలు మండాయి. మంచం పక్కన గోడకు పిలుపుగంట ఉంది. నొక్కితే బటను లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. వెనకాల వైరే లేదు.

పక్క మంచం ఒకప్పటి డ్రాయింగ్ టీచరుది. మతిమరుపు వచ్చి ఆరేళ్లయింది. ఎవరు కనబడినా "బెల్లు కొట్టారా?" అని అడుగుతుంది. వరండాకి అటువైపు గదిలో పక్షవాతంతో ఎడమపక్క పడిపోయిన లారీ డ్రైవరున్నాడు. ఆ అంతస్తులో మొత్తం ఇరవై ఇద్దరు. పగలంతా వాళ్లని చూసేవాడు ఒకే ఒక్కడు. నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని తిరిగేవాడు కాబట్టి అందరూ తాళాలవాడనేవారు. అంతకుముందు గోడౌనులో బస్తాలెత్తేవాడట. ముసలివాళ్లని ఎలా లేపాలో వాడికెవరూ నేర్పలేదు. బస్తాని లేపినట్టే లేపి, బస్తాని పడేసినట్టే పడేసేవాడు.

మొదటిరోజు మధ్యాహ్నమే ఆవిడ చూసింది. టీచరు జావ మింగలేక ఉమ్మేసింది. తాళాలవాడు చెంప మీద ఒక్కటిచ్చి, గిన్నెలోని స్పూను పళ్లమధ్య దూర్చి తిప్పాడు. జావతోపాటు నెత్తురు గడ్డం మీదికి కారింది.

"ఒరేయ్! చెయ్యి తియ్యరా!" కండక్టరమ్మ కేకకు కిటికీ అద్దాలు అదిరాయి.

వాడు తొణక్కుండా వచ్చి, ఆవిడ ఆపరేషన్ కుట్ల మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కళ్లముందు చీకట్లు కమ్మాయి. "ఇది నీ బస్సు కాదే ముసలిదానా. ఇక్కడ బండి నేను ఆపమంటేనే ఆగుతుంది" అన్నాడు.

కింద సూపర్‌వైజరమ్మ రిజిస్టరులో టీచరు పేరు పక్కన "మంచం మీంచి జారి పెదవి చిట్లింది" అని రాసింది. మేనకోడలు వచ్చినప్పుడు కండక్టరమ్మ జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల వెళ్లి అడిగితే రిజిస్టరు చూపించారు. "మత్తుమందుల వల్ల కొందరికి భ్రమలు వస్తాయమ్మా, మీరేం కంగారుపడకండి" అన్నారు. పిల్ల నమ్మీ నమ్మక పైకొచ్చి, "ఇంకో రెండు నెలలు ఓర్చుకో అత్తా" అంది. ఆ మాట బొటనవేలి కన్నా లోతుగా దిగింది.

ఆరోవారం ఇలాంటి కేంద్రాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని రెండు రోజుల ముందే ఫోనొచ్చింది. కింద దుప్పట్లు మార్చారు, గోళ్లు తీశారు, ఎప్పుడూ కనబడని నర్సొకతె తెల్లకోటు వేసుకుని ప్రత్యక్షమైంది. పైన ఉన్నవాళ్లకి మాత్రం పొద్దున్నే నిద్రమందు సిరప్ పట్టారు. కండక్టరమ్మ దాన్ని చెంపలో దాచి దిండులో ఉమ్మేసింది. కారు ఆగిన చప్పుడు వినబడగానే వాకరు పట్టుకుని, ఒక్కో అడుగూ లాక్కుంటూ మెట్ల దగ్గరికి చేరింది.

"అయ్యా ఇన్‌స్పెక్టరుగారూ! పైన కూడా మనుషులున్నారు. చచ్చాక చూస్తారా, బతికుండగా చూస్తారా? పైకి రండి!"

ఆయన టీ కప్పు పట్టుకునే తల పైకెత్తాడు. "ఎవరావిడ?"

"మతి స్థిమితం లేదు సార్. పాపం, బస్సులో ఉన్నాననుకుంటుంది" అంది సూపర్‌వైజరమ్మ.

ఆయన నాలుగు మెట్లెక్కాడు. మోకాలు పట్టుకుని ఆగాడు. "లిఫ్టు లేదా?" అన్నాడు. రిపేరులో ఉందన్నారు. అలాగేనంటూ తల ఊపి దిగిపోయాడు. "పై అంతస్తు: సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాడు.

కారు గేటు దాటిందో లేదో తాళాలవాడు పైకొచ్చాడు. దుప్పటి చింపి, ఆవిడ రెండు మణికట్లనీ మంచం కమ్మీలకి బిగించి కట్టాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరూ విప్పలేదు. ఉచ్చలోనే పడుకుంది. చేతులు లాగీ లాగీ చర్మం లేచి, గుడ్డ నెత్తురుతో గట్టిపడింది. బస్సులో పన్నూడినప్పుడు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.

టీచరు లేచొచ్చి ఆ ముడిని పరీక్షగా చూసింది. "ఎవరే ఇది కట్టింది? ఇంత అసహ్యంగానా!" అని కసురుకుంటూ, పిల్లల పని దిద్దుతున్నంత శ్రద్ధగా ఒక్కో ముడీ విప్పేసింది. అంతలో తాళాలవాడు వచ్చాడు.

"ఎవరు విప్పారు?"

కండక్టరమ్మ "నేనే" అనబోయింది. టీచరు ముందే చెయ్యెత్తింది. "నేను విప్పాను. బెల్లు కొట్టారా?"

వాడు జుట్టు పట్టుకుని ఆవిణ్ణి బాత్రూములోకి ఈడ్చాడు. వేడినీళ్ల కొళాయి తిప్పిన చప్పుడైంది. అంతలోనే మనిషి గొంతులోంచి వచ్చిందని నమ్మలేని అరుపు. ఆవిరి తలుపు కిందనుంచి గదిలోకి పాకింది.

కండక్టరమ్మ వాకరు అందుకుంది. తుంటి నొప్పి అప్పుడు ఎటు పోయిందో ఆవిడకే తెలియదు. తలుపు తోసేసరికి వాడు వంగి, టీచరు మెడ కొళాయి కింద అదిమి పట్టుకుని ఉన్నాడు. వీపంతా ఎర్రగా ఉబ్బి, చర్మం తడికాగితంలా ఊడివస్తోంది. కండక్టరమ్మ గోడకి ఆనుకుని, వాకరుని రెండు చేతులా ఎత్తి, ఇనుపకాలుతో వాడి దవడ మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. రెండోదెబ్బ ముక్కు మీద పడింది. వాడు నెత్తురు చిమ్ముకుంటూ తిరిగి, ఆవిణ్ణి ఎత్తి గోడకేసి కొట్టాడు. భుజం దగ్గర ఎముక పటుక్కుమంది. వాడి చెయ్యి ఆవిడ పీకకు చేరింది. ఆవిడ ఆ చేతిని కొరికింది. ఉన్న పళ్లన్నీ దిగేలా కొరికి, వదల్లేదు.

లారీ డ్రైవరు కుడిచేత్తో మంచం దిగి, దేక్కుంటూ కిటికీ చేరాడు. అందిన స్టూలు బయటికి విసిరాడు. కింద ఆగివున్న కారు అద్దం భళ్లున పగిలింది. కారు యజమాని, వాడితో ఇద్దరు ముగ్గురు, "ఎవడ్రా విసిరింది?" అంటూ కొట్లాటకే మెట్లెక్కారు. బాత్రూము గుమ్మంలో ఆగిపోయారు. తాళాలవాణ్ణి వాళ్లే కిందపడేసి, వాడి నడుం మీద కూర్చున్నారు.

టీచరు ఆస్పత్రిలో తొమ్మిదోరోజున పోయింది. మేనకోడలు కండక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "నిన్ను నమ్మలేదత్తా" అని తల బాదుకుంది. "నువ్వు కాదే, రిజిస్టరు చదివినవాళ్లెవరూ నమ్మలేదు. ఊరుకో" అంది ఆవిడ.

పోలీసులు తాళాలవాడి మీద కేసు పెట్టారు. దవడ విరగ్గొట్టినందుకు కండక్టరమ్మ మీదా పెట్టారు. విచారణలో తేలిందేమిటంటే, ఆ కేంద్రం లైసెన్సు గడువు ముగిసి రెండేళ్లయింది. ఇన్‌స్పెక్టరుకి ఆ సంగతి తెలుసు. ఆయన వంతుకొచ్చిన కేంద్రాలు నూట పదకొండు.

"ముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదమ్మా?" అని అడిగాడు కేంద్రం తరఫు లాయరు.

కండక్టరమ్మ చీర కొంగు తప్పించి మణికట్లు చూపించింది. "నోటితో చేశాను బాబూ, మెట్ల మీద నిలబడి. ఆయనకి మోకాలు నొప్పట."

ఆవిడ మీది కేసు కొట్టేశారు. తాళాలవాడికి ఏడేళ్ల శిక్ష పడింది. సూపర్‌వైజరమ్మ జరిమానాతో బయటపడింది. ఇన్‌స్పెక్టరుని వేరే ఆఫీసుకి మార్చారు. కేంద్రం నాలుగు నెలలు మూతబడి, కొత్త రంగు, కొత్త బోర్డుతో మళ్లీ తెరుచుకుంది.

లారీ డ్రైవరుని ఊరికి అటుచివరనున్న ఇంకో కేంద్రంలో వేశారు. మేనకోడలింట్లో ఉంటున్న కండక్టరమ్మ, వంకరగా అతుక్కున్న భుజంతో, చేతికర్రతో, ఎప్పుడు పడితే అప్పుడు అక్కడికి వెళ్తుంది. ముందుగా ఫోన్ చెయ్యదు. వాచ్‌మన్ "విజిటింగ్ టైము కాదండీ" అంటే, "నేను ఇక్కడ చేరదామని చూడ్డానికొచ్చాను, గదులు చూపించవా?" అని లోపలికి నడిచేస్తుంది. ముందుగా డ్రైవరు చొక్కా చేతులు మడిచి చూస్తుంది, వీపు చూస్తుంది.

"బానే ఉన్నానక్కా, రోజూ ఈ చెకింగేంటి?" అని నవ్వుతాడు ఆయన.

"ఊరుకోరా" అని, పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ముసలాయన దుప్పటి మెల్లగా ఎత్తుతుంది.