ముందు అంచనా, తర్వాతే భూకంపం

భూమి కంపిస్తే ఎవరైనా పరుగెత్తుతారు, దేవుణ్ణి తలుచుకుంటారు, పిల్లల్ని వాటేసుకుంటారు. మా ప్రోకొలో లుబ్రానో మాస్టారు మాత్రం కాగితం ముక్కలు పంచుతాడు. "ముందు అంచనా రాయండి! తీవ్రత ఎంతో వేసి, కింద పేరు రాసి ఇటివ్వండి. ఏడవాలనుకున్నవాళ్లు ఆ తర్వాత ఏడవండి" అంటాడు.

మా ఊరు పొజ్జువోలిలో, మా బడిలో, ఆయన లెక్కలూ సైన్సూ చెబుతాడు. పక్క గదిలో నేను సాహిత్యం చెబుతాను. మధ్యలో గోడ బాగా పలచన. నేను కళ్లు మూసుకుని ఒక మంచి పద్యం అందుకునేసరికి అటునుంచి "అంచనా రాశారా? రాయకుండా గోడ మీది తెర వంక చూశారో, చూడండి మరి!" అని కేక వినబడేది. నా క్లాసు పిల్లలు కూడా ఉలిక్కిపడి కలాలు తీసేవాళ్లు. పద్యానికి అంచనా ఏమిటి, నా ఖర్మ కాకపోతే!

ఆయనకి నోటిమాట గిట్టదు. ఏ సంగతైనా సరే, ఎక్కడో ఎవరో కొలిచి ఇంటర్నెట్‌లో పెట్టి ఉండాలి. దాన్ని ఈయన క్లాసులో గోడ మీది పెద్ద తెరకెక్కించాలి. అప్పుడే అది నిజం. ఒక ఫిబ్రవరి పొద్దున స్టాఫ్ రూములో "అబ్బ, ఏం చలండీ!" అని నోరు జారాను.

"ఏ వాతావరణ కేంద్రం లెక్కల ప్రకారం?" అన్నాడు.

"నా మోకాళ్ల లెక్కల ప్రకారం!"

"మోకాళ్ల వివరాలు నలుగురూ చూసేలా ఎక్కడైనా పెట్టారా?"

ముప్పై ఏళ్ల ఉష్ణోగ్రతల గ్రాఫు తీసి నా ముక్కు కింద పెట్టాడు. ఈ ఫిబ్రవరి మామూలు కంటే వెచ్చగా ఉందట. రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని, చలి లేదని ఒప్పుకుని క్లాసుకి వెళ్లాను.

మా ఊరి నేల బుద్ధి మాకు తెలిసిందే. కొన్నేళ్లు కుంగుతుంది, కొన్నేళ్లు లేస్తుంది. లేచినన్నాళ్లూ చిన్నా పెద్దా కంపాలు వస్తూనే ఉంటాయి. కంపం రాగానే బల్లల కింద దూరాలి, ఆగాక వరసగా బడి ఆవరణలోకి రావాలి, తలలు లెక్కపెట్టుకోవాలి. అంతవరకూ లుబ్రానో మాస్టారూ బుద్ధిగానే చేసేవాడు. ఆ తర్వాత జేబులోంచి కాగితం ముక్కలు బయటికొచ్చేవి. కొండ మీది భూకంప పరిశోధనశాల వాళ్లు తమ పట్టికలో అంకె వెయ్యడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ మా ఆవరణ చేపల బజారే.

"రెండు పాయింట్ రెండు!"

"నీ మొహం! రెండైతే కిటికీ అద్దాలు మోగేవి!"

"నీకు నిద్రలో ఏం తెలుస్తుందిరా మోగిందీ లేనిదీ?"

అసలు అంకెకి అందరికంటే దూరంగా చెప్పినవాళ్లు నలుగురి మధ్యా నిలబడి పాట పాడాలి. నియమం పెట్టింది ఆయనే, ఓడిపోయేదీ ఆయనే. ఎప్పుడు చూడు, గుండె మీద చెయ్యేసుకుని "నాలుగు! అనుమానం లేదు!" అనేవాడు. తీరా చూస్తే ఒకటీ చిల్లర. ఇక మొదలు, ఆయనకొచ్చిన ఒకే ఒక్క పెళ్లి పాట. భూమి కంపించడం ఒక బాధ, తర్వాత ఆయన గొంతు కంపించడం ఇంకో బాధ. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఇన్నేళ్లుగా గ్రాఫులు గీస్తున్నారు, ఒక్కసారైనా దరిదాపుల్లోకి రారేమండీ?" అని అడిగితే, "విజ్ఞానానికి ఓపిక కావాలి, ఫిలోమేనా గారూ" అనేవాడు.

ఇది చాలదన్నట్టు గేటు బయట ముసలమ్మల బారు. మా వాళ్లకి ఇంట్లో పిల్లి తుమ్మినా లాటరీకి అంకె దొరికినట్టే. అలాంటిది భూమే అంకె చెబుతుంటే ఊరుకుంటారా? అందరికంటే ముందు డొన్నా తితీనా, అంటే తితీనా అమ్మగారు, ఉండేది.

"మాస్టారూ, ఎంత వచ్చింది నాయనా?"

"రెండు పాయింట్ ఒకటి. ఎందుకమ్మా మీకు?"

"ఇరవై ఒకటి వెయ్యనా? రెండూ ఒకటీ విడివిడిగా వెయ్యనా?"

అంతే, ఆయన శివాలెత్తిపోయేవాడు. భూకంపానికీ లాటరీకీ సంబంధం లేదని గేటు చువ్వల మీదే వేలితో లెక్క వేసి చూపించేవాడు. ఆవిడ ఎంతో శ్రద్ధగా విని, "సరే నాయనా, నువ్వింతగా చెబుతున్నావు కాబట్టి విడివిడిగానే వేస్తా" అని వెళ్లిపోయేది.

ఆ తితీనా మనవరాలు నోయెమి మా ఏడో తరగతి పిల్ల. వసంతంలో వచ్చిన పెద్ద కంపానికి వాళ్ల వంటింటి కప్పు పెచ్చులూడి పొయ్యి మీద పడింది. అప్పట్నుంచీ ఆ పిల్ల ఏ కప్పు కిందికీ రాదు. రాత్రి పడక కారులోనే. పొద్దున అవ్వ అదే కారు తెచ్చి బడి గేటు ముందు ఆపితే, పిల్ల సంచీ ఒళ్లో పెట్టుకుని అందులోనే కూర్చునేది. ఇంకొన్నాళ్లు క్లాసుకి రాకపోతే ఏడాది పోతుంది.

"ఉత్తరాన బ్రెషాలో మా చెల్లెలుంది. అక్కడికి పంపించేస్తానమ్మా" అంది తితీనా నాతో. "అక్కడ నేల కదలదు. నేను లేకుండా ఎప్పుడూ లేదు పిల్ల. కానీ ఏం చెయ్యను చెప్పు?" అంటూ కళ్లు తుడుచుకుంది.

నేను తిన్నగా లుబ్రానో దగ్గరికి వెళ్లాను. "మీరు ఆ క్లాసుకి పెద్ద. వెళ్లి ఆ పసిదానితో మనిషిలా రెండు మాటలు మాట్లాడండి. గ్రాఫులొద్దు!" అన్నాను.

వెళ్లాడు, చంకలో ల్యాప్‌టాప్‌తో. గేటు దగ్గర నిలబడి విన్నాను. భయపడకమ్మా అంటాడేమో అనుకున్నాను. అబ్బే!

"అమ్మాయ్, కారులో కుదుపు ఎలా తెలుస్తుంది?"

"మెత్తగా తెలుస్తుంది సర్. పెద్దది మళ్లీ వస్తుందా?"

"రాదని నేను చెప్పను. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ ఇదిగో, ఈ గ్రాఫులో ఈ నెల కంపాల చుక్కలు చూడు. ఎన్ని చిన్నవో, ఎన్ని పెద్దవో నువ్వే చూడు. సరే, నాకో చిక్కొచ్చిపడింది. కారులోంచి అంచనా వేసేవాళ్లు మా పట్టికలో ఒక్కరూ లేరు. వేసిపెడతావా?"

చూశారా! పిల్ల వణికిపోతుంటే ఈయనకి పట్టిక నిండాలట.

ఆ రోజు నుంచి పెద్ద తెర మీద "కారు" అని కొత్త వరస వెలిసింది. వారం తిరక్కుండా "కారు లెక్కలు చాలు, ఇప్పుడు గేటు పక్క గట్టు మీంచి కావాలి" అన్నాడు. తర్వాత ఆవరణలో బెంచీ. ఆ తర్వాత వరండా, వీధి తలుపు పక్కనే. ఒకే కంపం ఒక్కో చోట ఒక్కోలా తెలుస్తుందని పిల్లలు గొంతులు చించుకుని వాదించుకుంటుంటే, నోయెమి వరండాలోంచి "మీకేం తెలుసర్రా, ఈ రాతి అరుగు మీద కూర్చుని చూడండి!" అని అరిచేది. పిల్లని పనిముట్టు చేసి అక్కడోసారి ఇక్కడోసారి పెడుతున్నాడని నేను స్టాఫ్ రూములో అందరి ముందూ దులిపేశాను.

ఒక సాయంత్రం ఆయనా నేనూ పేపర్లు దిద్దుతుంటే భూమి కదిలింది. ఇద్దరం టేబుల్ కింద దూరాం. నా మోకాళ్లు కుయ్యోమన్నాయి. పక్కన ఆయన తనలో తను గొణుక్కున్నాడు. "ఒకటి పాయింట్ తొమ్మిది."

కాసేపటికి ఫోన్ చూశాను. ఒకటి పాయింట్ తొమ్మిది!

"ఏమిటీ! మీకు తెలుసా?"

ఆయన మొహం కందిపోయింది. "ఏదో గాలివాటం, ఫిలోమేనా గారూ."

"గాలివాటమా? మరి ఇన్నాళ్లూ ఆ పెళ్లి పాట నాకెందుకు వినిపించారండీ?"

ఆయన పేపర్లు ఏరుకుని జారుకున్నాడు. ఈ మనిషికి నిజంగానే తిక్క అని తేల్చేసుకున్నాను.

తర్వాతి సోమవారం నోయెమి క్లాసులోకొచ్చింది, "తలుపు పక్క బల్ల" కొలవడానికి. సరిగ్గా అప్పుడే, గేటు దగ్గర లాటరీ గొడవ మీద ఎవరో ఫిర్యాదు చేశారని ప్రిన్సిపాల్ గారు లుబ్రానోని పిలిపించారు. ఆ క్లాసు నా నెత్తిన పడింది. ఉపాధ్యాయుడు లేని సమయం చూసుకుని వచ్చినట్టు, భూమి కంపించింది.

బల్లల కిందికి, ఆగాక ఆవరణలోకి, తలలు లెక్కపెట్టడం. అంతా సక్రమంగానే చేశాను. కానీ ఎవరూ కేకలు వెయ్యలేదు. నోయెమి పాలిపోయి గేటు వంక, కారు వంక చూస్తోంది. అంకె ఇంకా రాలేదు. పిల్లలంతా నా మొహంలోకి చూస్తున్నారు, నా మొహాన్ని బట్టే వాళ్ల భయం ఉంటుందన్నట్టు. అప్పుడు తట్టింది నాకు, మట్టిబుర్రకి. మాస్టారు నాలుగని బల్లగుద్ది చెప్పాక ఒకటీ చిల్లర వస్తే పిల్లాడికి ఎంత తేలికగా ఉంటుందో!

గుండె మీద చెయ్యేసుకుని అరిచాను. "ఆరు! అనుమానం లేదు, ఆరు!"

ఆవరణంతా గొల్లున నవ్వింది.

"ఆరా! ఆరైతే బడి ఉండేదా టీచర్?"

"సాహిత్యం టీచర్ కదరా, ఏం తెలుసు పాపం!"

నోయెమి గేటు వంక చూడడం మానేసి నా వంక జాలిగా చూసింది. "ఒకటిన్నర కూడా ఉండదు టీచర్. బల్ల అసలు కదల్లేదు, నేను పట్టుకునే ఉన్నాగా."

ఒకటి పాయింట్ నాలుగు వచ్చింది. పాడాను. ఈ వయసులో, ఈ గొంతుతో, నలుగురి మధ్యా నిలబడి పాడాను. మూడో పాదం దగ్గర లుబ్రానో పరుగెత్తుకొచ్చాడు. నోయెమినీ, నన్నూ మార్చిమార్చి చూసి, నా పక్కకి చేరి చెవిలో అడిగాడు.

"ఎంత చెప్పారు?"

"ఆరు."

"అయ్యయ్యో! నాలుగు దాటకూడదండీ, పిల్లలు నమ్మరు" అన్నాడు, ఎంతో సీరియస్‌గా.

తిడదామని నోరు తెరిచాను. నోయెమి పక్కన లేదు. క్లాసు కిటికీలోంచి ఆ పిల్ల గొంతే వినబడింది. "మాస్టారూ, నా చుక్క పెట్టేశాను. ఫిలోమేనా టీచర్ చెప్పిన ఆరు గ్రాఫులో పట్టడం లేదు, ఏం చెయ్యమంటారు?"