అత్తగారి గొడుగుకు సైకిలు ఊచ

ఆ ఉదయం గొడుగులక్క కొట్టు తెరిచింది బేరం కోసం కాదు, ఖాళీ చేయడానికి.

రేవు వీధిలో మేడమెట్ల కింద ఇరుకు గది అది. తండ్రి తర్వాత తనే అక్కడ కూర్చుని గొడుగులు బాగు చేస్తూ వచ్చింది. అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయింది. వీధి మొత్తానికీ ఆమె గొడుగులక్కే. ఇప్పుడేమో కొత్త గొడుగులు ఓడల నిండా వచ్చి దిగుతున్నాయి. ఒకటి విరిగితే దాన్ని చెత్తలో పారేసి ఇంకొకటి కొనుక్కుంటున్నారు జనం. వాన దంచికొట్టినా ఆమె గడప తొక్కేవాళ్లు లేరు. సాయంత్రానికల్లా గది అద్దెకిచ్చిన మేడమీది పెద్దాయనకు తాళాలు అప్పగించేద్దామని గట్టిగా అనుకుంది.

"ఇన్నేళ్లు అన్నం పెట్టావు తండ్రీ, చివరిరోజు కూడా ఒక్క పని చూపించు" అని దేవుడికి దణ్ణం పెట్టుకుని, సూదులూ పట్టకారూ సంచిలో సర్దుతోంది. అంతలో తడిసి ముద్దయిన మనిషొకడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో గొడుగు ఉంది.

"చంకలో గొడుగు పెట్టుకుని తడిసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అంది.

"ఇది మా అత్తగారిదక్కా. దీనికి ఇంకేమన్నా అయిందంటే నా నెత్తిన పిడుగే!"

అతను ఓడలో వంటవాడు. పుట్టింది ఈ ఊళ్లోనే. సముద్రం అవతలి దేశం పిల్లను చేసుకుని అక్కడే కాపురం పెట్టాడు. ఆ గొడుగు మామగారు కొనిచ్చిందట. ఆయన పోయాక ఆవిడ ప్రార్థనకు వెళ్లినా, కూరగాయలకు వెళ్లినా అదే చేతిలో ఉండాలట. సాయంత్రం ఓడ కదిలేలోగా అది బాగవ్వాలి.

"అక్కడ బాగుచేసేవాళ్లే లేరా?"

"ఒకాయన ఉన్నాడు. ఆయన అడిగిన కూలికి రెండు కొత్త గొడుగులొస్తాయి."

"అమ్మో, అంత ఆశా?"

"ఆశ కాదక్కా, పాపం మంచివాడే. ఆయన గది అద్దె, తాగే టీ, చేయించుకునే క్షవరం, అన్నీ అక్కడి ధరేగా? అవన్నీ కూలిలోంచి రాకపోతే ఎట్లా బతుకుతాడు? కొత్త గొడుగంటావా, ఎక్కడ చవగ్గా తయారైతే అక్కణ్ణుంచి ఓడెక్కి వచ్చేస్తుంది. అందుకే దాని ధర అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకటే. బాగుచేసే చెయ్యి ఓడెక్కి రాదుగా?"

ఆమె గొడుగు విప్పి చూసింది. గుడ్డ గట్టిగానే ఉంది. లోపల గుడ్డను ఎత్తిపట్టే పొట్టి ఊచ ఒకటి రెండుగా విరిగిపోయింది. అది పాతకాలం కొలత. అలాంటిది ఆమె దగ్గర లేదు. కాసేపు ఆలోచించి ఎదురుగా ఉన్న సైకిళ్ల కొట్టు వైపు కేకేసింది.

"తమ్ముడూ, పాత చక్రం ఊచ ఒకటుంటే పట్రా!"

"కొట్టు కట్టేస్తానని వీధంతా చాటింపు వేశావు, మళ్లీ పనేంటి? సన్యాసం ఇంకా పుచ్చుకోలేదా?" అంటూనే అతను వానలో పరుగెత్తుకొచ్చాడు. కొలత చూసుకుని, తనే ఊచ కోసి, రెండు కొనలూ సుత్తితో చదును చేసి, బెజ్జాలు వేసి ఇచ్చాడు.

"నీ కూలెంత అన్నా?" అన్నాడు వంటవాడు.

"మా ఆవిడ గొడుగుకు గుడ్డ వేసినప్పుడు అక్క నన్నేమడిగింది? నువ్వు ఊరుకోవయ్యా" అని వెళ్లిపోయాడు సైకిలు తమ్ముడు.

ఊచ బిగించి, నాలుగు కుట్లు వేసి, పిడి దగ్గరి మీట నొక్కింది. గొడుగు టప్పున విచ్చుకుంది. వంటవాడి మొహమూ విచ్చుకుంది. ఆమె చెప్పిన కూలి విని మాత్రం తెల్లబోయాడు. ఒక పూట భోజనం ఖరీదు కూడా లేదది.

"ఇంత తక్కువైతే ఎట్లా అక్కా?"

ఇన్నాళ్లూ చవగ్గా చేయడం తన గొప్పే అనుకుంది ఆమె. ఇప్పుడు ఎదురు కొట్టు వైపు చూసింది, నెత్తిమీది మెట్ల వైపూ చూసింది.

"తమ్ముడు ఊచకు డబ్బడగలేదు. మా నాన్న పోయినప్పటి నుంచీ పెద్దాయన అద్దె పెంచలేదు. వాళ్లు లెక్క వేసుకోనిది నేను కూలిలో ఎట్లా వేసుకోను నాయనా?"

వంటవాడు గొడుగు ముడిచి కాసేపు తచ్చాడాడు. "అక్కా, చెయ్యి ఓడెక్కదు సరే, గొడుగులు ఎక్కుతాయిగా! మా వీధిలో ప్రతి ఇంటి మూలా ఒక విరిగిన గొడుగుంది. పారేయడానికి మనసొప్పక దాచుకున్నవి. వచ్చే ప్రయాణంలో మోపు కట్టి తెస్తాను. కూలి మాత్రం ఇంతకు రెట్టింపు తీసుకోవాలి. అదైనా మావాళ్లకు చవకే."

ఆమె సంచిలోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మళ్లీ గోడకు గుచ్చింది. తాళాల గుత్తి పట్టుకుని మెట్లెక్కింది.

పెద్దాయన ఆ గుత్తి చూడగానే చిన్నబోయాడు. "ఇచ్చేయడానికే వచ్చావా అమ్మా?"

"కాదు బాబాయ్‌గారూ. పని దొరికింది. అద్దె కాస్త పెంచమని అడగడానికొచ్చాను."

ఆయన నవ్వాడు. "బాగుందే వరస! నేను అద్దె పెంచుతాను, నువ్వు కూలి పెంచుతావు. తర్వాత నా గొడుగు విరిగితే నేను ఏ దేశం పోవాలి? పోయి పని చూసుకో."

ఆమె రెండు చేతులూ జోడించింది. చేతుల మధ్య తాళాలు గలగలలాడాయి.