ఆడనన్న తెగ నాయకుడు

మేము బతుకుదెరువుకు వేరే రాష్ట్రం వచ్చి, గోడాదరా అనే పేటలో ఉంటాం. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. నేను చరిత్రలో ఎం.ఏ. చేశాను. ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్ చెప్తాను.

ఒక యేడు దీపావళి సెలవుల ముందు యజమాని సేఠ్ కార్ఖానా మిద్దె మీద దావత్ ఇచ్చాడు. మిఠాయి డబ్బాలు పంచాక పాటలు పెట్టించి, పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ఆడమన్నాడు. కుర్చీల్లో కూర్చున్న సేఠ్ చుట్టాలు నవ్వుకుంటూ ఫోన్లలో వీడియో తీసుకున్నారట. తల నెరిసినవాళ్లు కూడా ఆడారు. మా ఆయన వంతు వచ్చింది.

“నాకు ఆట రాదు సేఠ్.”

“రాకుంటే ఎగురు.”

ఆయన ఎగరలేదు. పాట అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు.

సెలవులయ్యాక పోతే గేటు దగ్గరే పని లేదన్నారు. పక్క కార్ఖానాలో అడిగాడు, ఆ పక్కదాంట్లో అడిగాడు. ఆ వీడియో ఆయనకంటే ముందే అన్ని గేట్లూ దాటింది.

రోజంతా గోడకు ఆనుకుని కూర్చునే మనిషిని చూడలేక, ఒక మధ్యాహ్నం నాకు తెలిసిన కథ చెప్పాను. తొమ్మిది వందల ఏళ్ల కింద చైనాకు ఈశాన్యాన జుర్చెన్ అనే తెగలుండేవి. వాళ్ల మీద ఖితాన్లనే మరో జాతి చక్రవర్తిది పెత్తనం. చేపల వేటకు వచ్చిన చక్రవర్తి విందులో తాగి, తెగల పెద్దల్ని తన ముందు ఆడమన్నాడు. అందరూ ఆడారు. ఒక్కడు మాత్రం నాకు రాదన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు. చక్రవర్తి చంపిద్దామనుకుంటే దగ్గరివాళ్లు ఆపారు.

ఆయన నా వైపు తిరిగాడు. “తర్వాత ఏం జేసిండు?”

“ఇంటికి వోయి తెగలన్నిటిని ఒక్కటి జేసిండు. ఆ చక్రవర్తి మీదికే లడాయికి వోయిండు. సొంత రాజ్యం పెట్టి, దానికి బంగారమని పేరు వెట్టిండు.”

మర్నాడు గడ్డం గీసుకుని బయల్దేరాడు. మన తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బిహార్‌వాళ్లు ఉండే గదులన్నీ తిరిగాడు. మనల్ని అట్లా ఆడించినందుకు ఒక్కపూట అందరం సాంచాలు ఆపుదామన్నాడు. చాయ్ పోశారు, విన్నారు, తలూపారు. మా ఊరి వైపు పెద్దమనిషి ఒకాయన మాత్రం ముఖం మీదే అన్నాడు: “తమ్మీ, నీ కాళ్లు మొక్కుత. మా ఇంటికి మళ్ల రాకు.”

తర్వాత ఎవరూ తలుపు తీయలేదు.

ఒకనాడు నది అవతల అమ్రోలిలో పని చూస్తానని పోయాడు. సాయంత్రం ఆటో నడిపే మా పక్కింటాయన ఫోన్ చేశాడు. “వదినా, అన్న తాపీ నది వంతెన మీద నిలవడ్డడు. పిలిస్తే పలుకుతలేడు. జర జల్ది రా.”

నేను చేరేసరికి రెయిలింగ్ పట్టుకుని నీళ్ల వైపు చూస్తున్నాడు. వెనక నుంచి చొక్కా గట్టిగా పట్టుకున్నాను.

“ఇడువు.”

“ఇడువ.”

“ఆ కథల నాయకుని ఎన్క గుర్రాలేసుకోని మంది వచ్చిన్రు. నా ఎన్క ఒక్కడన్న వచ్చిండా?”

నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది. బస్సులు పోతుంటే వంతెన అదురుతోంది. చాలాసేపటికి రెయిలింగ్ మీద నుంచి చేతులు తీశాడు. ఆటోలో ఇంటిదాకా చొక్కా వదల్లేదు నేను.

ఇప్పుడు పట్నం చివర ఇచ్ఛాపూర్‌లో ఒక గోదాములో మూటలు మోస్తున్నాడు. తెల్లారకముందే పోతాడు. వచ్చి తిని పడుకుంటాడు. రావడం కాస్త ఆలస్యమైతే పిల్లల పాఠం మధ్యలో ఆపేసి ఫోన్ చేస్తాను. ఎత్తి, “ఏంది?” అంటాడు.

ఏం లేదంటాను.