రేపల్లె గేటు దగ్గర పడని బ్రేకు

పోయిన శ్రావణమాసం రెండో గురువారం, పొద్దున్న తొమ్మిదింబావు. రేపల్లె ఊళ్ళోకి ఇంకా రాలేదు. ఎదురుగా రైల్వే గేటు పడింది. గేటు ముందు ఇటుకల ట్రాక్టరు ఆగి ఉంది. నా కొడుకు బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. పాదం కిందకి దిగిపోతోందే తప్ప బండి పట్టు చిక్కడం లేదు. చివరికి చేతి బ్రేకు లాగితే, ట్రాక్టరుకి బెత్తెడు దూరంలో ఆగాం.  

తెనాలి నుంచి మేం బయలుదేరింది రేపల్లెలో అత్తగారింట్లో ఉన్న నా కూతుర్ని పురిటికి తీసుకురావడానికి. తొమ్మిదో నెల పడింది. పదకొండున్నరకి వర్జ్యం వస్తుంది, ఆలోపే అత్తగారింటి గడప దాటాలని అనుకున్నాం. ఆ రోజు తప్పితే పై వారం దాకా మంచిరోజు లేదు.

గేటు లేచాక నత్తలా నడిపి ఊళ్ళో ఒక మెకానిక్ షెడ్డుకి చేరాం. అతను బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, ఇందులో ఏం పోశారని అడిగాడు. నా కొడుకు నసిగాడు. అంతకుముందు బాపట్ల పెళ్ళికి వెళ్ళొచ్చినప్పుడు మీటర్ల దగ్గర ఎర్రలైటు వెలిగిందట. ఇంటికొచ్చి చూస్తే ఆయిల్ తగ్గింది. పాకలో ట్రాక్టరు హైడ్రాలిక్‌కి పోయగా మిగిలిన నూనె ఉంటే అదే పోశాడు. మా ఇంట్లో మిగిలిన నూనె పారబోసే అలవాటు లేదు. పంపుసెట్టుకీ ట్రాక్టరుకీ తలుపు బందులకీ ఒకటే డబ్బా తిరుగుతుంది. కారుకీ తిరిగింది.

మెకానిక్ ఆ నూనె కొంచెం తీసి గ్లాసు నీళ్ళలో వేశాడు. పైకి తేలి తెట్టు కట్టింది. అసలు బ్రేక్ ఆయిలైతే నీళ్ళలో కలిసిపోతుందట. మూత మీద ఏ ఆయిల్ పొయ్యాలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, పక్కన '4' అంకె. నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక, ఇంగ్లీషు రాదు. అంకె తెలుసు. నా కొడుకు ఎదురు కొట్టుకి పరుగెత్తి, అదే అంకె ఉన్న సీసా కొనుక్కొచ్చాడు.

"ఇది పోసెయ్. టైమైపోతంది," అన్నాడు.

"ఆయిల్ సరైందేనండి. లోపల రబ్బర్లన్నీ ఆ నూనె తాగి ఉబ్బిపోయినియ్యి. ఇది పోస్తే కాసేపు బ్రేకు పడుద్ది. ఎంతసేపు పడుద్దో నేను చెప్పలేనండి," అన్నాడు మెకానిక్. రబ్బర్లు మార్చి, గొట్టాలు కడగడానికి రెండు రోజులు పడుతుందన్నాడు.

"మెల్లిగా పోదాంలే అమ్మా."

"మెల్లిగా వస్తూ కూడా ఇటుకల ట్రాక్టరు మీదకి పోబోయావు కదరా. తిరుగు దారిలో కాలవ గట్టు మీద ఎవరన్నా అడ్డం వస్తే ఎట్టా ఆగుతావు?"

కారు అక్కడే వదిలి ఆటోలో వియ్యాలవారింటికి వెళ్ళాం. పిల్ల తలంటుకుని, పువ్వులు పెట్టుకుని, సంచీతో సిద్ధంగా ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఆ పొట్టనీ కాలవనీ ఒకేసారి తలుచుకున్నాను. సంగతి చెప్పాను. రైల్లో తీసుకెళ్తానన్నాను. రైలేమో మధ్యాహ్నానికి గానీ లేదు.

వియ్యపురాలి మొహం మాడింది. "కారుంచుకుని, నిండు నెలల పిల్లని జనంలో రైలెక్కిస్తారా వదినగారూ? అదీ వర్జ్యంలో?"

"వర్జ్యంలో బయలుదేరితే ఏమవుద్దో నాకు తెలీదు వదినగారూ. ఆ కారెక్కితే ఏమవుద్దో చూసొచ్చాను."

 ఆవిడ తనే పిల్ల సంచీ తీసుకుని, పదకొండున్నర కాకముందే పక్కింట్లో పెట్టి వచ్చింది. మనిషి కదలలేనప్పుడు సామాను ముందు కదిలిస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క, ప్రస్థానం అంటారు. నాకంటే ఆవిడే ఎక్కువ భయపడిందని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం రైల్లో కిటికీ పక్కన పిల్లని కూర్చోబెట్టాను. అది నిద్రపోయింది. రైలు జోరందుకున్నప్పుడల్లా నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది. తెనాలిలో పూర్తిగా ఆగి, జనం దిగుతుంటే గానీ ఎత్తలేదు.

ఆ రోజు ఈ సంగతిలో ఉన్నవాళ్ళం: నేను, నా కొడుకు, నా కూతురు, దాని కడుపులో బిడ్డ, వియ్యపురాలు, సంచీ ఉంచుకున్న పక్కింటి ఆవిడ, రేపల్లె మెకానిక్.