లక్ష్మణమ్మ వంత

నరసన్నపేట బస్టాండు ఎదుట హరిబాబు డీటీపీ సెంటరు ఉంది. అందులో టైపు చేసే దేవికి పదో తరగతితోనే చదువు ఆగిపోయింది. మనిషి ఎదురుపడితే మాట పెగలదు గానీ, చెప్పింది ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొడుతుంది.

జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పే సోములు ఇరవై రోజులు ఆమె పక్కన కూర్చుని తన కథంతా చెప్పాడు. చదువు రాని మనిషి. కథ ఆయనది, వరుసవరుసకూ మాట కలిపే వంత ఆయన భార్య లక్ష్మణమ్మది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆయనే రెండు గొంతులతోనూ చెబుతుంటే, దేవి కథను పేజీ మధ్యలో కొట్టి, ప్రతి వరుసకూ ఎదురుగా అంచున చిన్న బాక్సు గీసి వంతను అందులో పెట్టింది. విజయనగరం పక్కన నెల్లిమర్లలో ఆయన మనవరాలు రేఖ పోగుచేసిన కథల జట్టు ఈ పుస్తకం చూసే నేర్చుకోవాలి.

ఆఖరి రోజు దేవి భోజనానికి లేచిన వేళ, సోములు హరిబాబును పట్టుకున్నాడు.

"బాబూ, మొదట్ల మా లచ్చనమ్మ పేరు ఎయ్యనేదు గదేటి!"

"ఓస్, అదెంతసేపు మావా!"

హరిబాబు పైన ఒక వరుస చేర్చి, ప్రింటు తీసి, స్పైరల్ కూడా వేసేశాడు.

దేవి చేయి తుడుచుకుంటూ వచ్చి పుస్తకం తెరిచింది. పేరు చేరగానే కథంతా ఒక వరుస కిందికి దిగిపోయింది. బాక్సులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. రాణి అన్నం ముట్టని చోట లక్ష్మణమ్మ అనే మాట "కూరల ఉప్పెక్కువైనాదేటి?" ఇప్పుడు రాజు ఏట్లో పడ్డ వరుస పక్కన నిలబడింది. ప్రతి పేజీ అంతే.

"సార్, వంతలు..."

"వంతల్నేవు, గింతల్నేవు. ముసిలోడి బస్సొచ్చేస్తన్నాది. అంత నిదానంగా ఎవుడు సూస్తాడే!"

సోములు పుస్తకం అందుకుని మొదటి పేజీ వేలితో తడిమాడు.

"ఒలే గుంటా, ఒక్కటి సదివి ఇనిపించు. నానంటాను, నువ్వు మా దానిలాగనాల. రాజు ఏట్ల పడ్డాడే!"

దేవి కాగితం వైపు చూడలేదు. "ఈత నేర్పని అత్తనడగండే!" అంది.

ముసలాయన పకపకా నవ్వాడు. "అచ్చం మా లచ్చనమ్మే! ఇంక దాని మాట ఎక్కడికీ పోదు."

దేవి నోరు తెరిచింది. విజయనగరం బస్సు హారను కొట్టింది. ఆయన పుస్తకాన్ని గుండెకు అదుముకుని ఎక్కేశాడు.

రేఖ ఫోను నంబరైనా అడగలేదని, బస్సు పెద్దరోడ్డు ఎక్కాక ఆమెకు గుర్తొచ్చింది.