గుడ్డ ఆరబెట్టే మనిషి

నన్ను కన్న బాపు పోయాక మా అవ్వ మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషిని నేను బాపు అనకుండా కాకా అనే పిలిచేదాన్ని. ఆయన సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాడు. "గీ పిల్ల నీకేమైతది?" అని ఎవరడిగినా నవ్వి, "మా ఇంటి పిల్ల" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పేవాడు కాదు.

కరీంనగర్‌లో సిస్టర్ల బడి హాస్టల్లో చేర్చడానికి నన్ను ఆయనే తీసుకెళ్లాడు. మేము కూర్చున్న గది గోడకు పాతకాలపు సిరాబొమ్మ నకలు ఒకటి ఉంది. మరియమ్మ ఒళ్లో బాలయేసు. వెనక మంట దగ్గర ఒక ముసలాయన తడిగుడ్డ ఆరబెడుతున్నాడు. గోధుమరంగు సిరా అక్కడ పలుచబడి, ఆయన మెల్లగా పొగలో కలిసిపోతున్నట్టున్నాడు. కిటికీలోంచి పడే ఎండ బొమ్మ అద్దం మీద కదిలితే ఆ పొగ కూడా కదిలినట్టే అనిపించింది.

"గాయనెవరు సిస్టర్?" అన్నాడు కాక, నా పేరు రాసుకుంటున్న సిస్టర్‌తో.

"జోజప్ప గారు. యేసుకు కన్నతండ్రి కాదు, పెంచిన తండ్రి."

కాక చాలాసేపు బొమ్మనే చూశాడు. "మరి పిల్లగాడు ఆయనను ఏమని పిలిచెటోడు?"

"నాన్నా అనే పిలిచి ఉంటాడు," అంది సిస్టర్.

ఆయన తల ఊపి, నా ట్రంకుపెట్టెను హాస్టల్ గదిలో నాకిచ్చిన మంచం కింద పెట్టి బయల్దేరాడు. గేటు దగ్గరికి వెళ్లేసరికి "బాపూ" అని పిలిచాను. ఆయన ఆగలేదు. ఎవరో తమ తండ్రిని పిలుస్తున్నారనుకున్నట్టుంది. మళ్లీ పిలిచాను. అప్పుడు ఆగి, ముందు చుట్టూ చూసి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఏం గావాలె?" అన్నాడు.

నాకేమీ అక్కర్లేదు. ఇద్దరం ఎండలో అట్లాగే కాసేపు నిలబడ్డాం.