ఆరో రీలుకు కత్తెర పడని రోజు

అబిడ్స్‌లోని ఒక పాత థియేటర్‌కు నేను మేనేజరుగా బాధ్యతలు తీసుకున్నది ఒక మే నెల మొదటి తారీఖున. రీళ్లు పోయి సినిమా అంతా కంప్యూటర్‌లోకి రావడానికి ఇంకా కొన్నేళ్లు ఉన్న కాలమది. అంతకుముందు పందొమ్మిదేళ్లు అదే థియేటర్‌లో లేడీస్ కౌంటర్ దగ్గర టికెట్లు చింపాను, మూడేళ్లు అసిస్టెంట్ మేనేజరుగా ఉన్నాను. అబిడ్స్, నాంపల్లి థియేటర్లలో అప్పటికి మరో ఆడ మేనేజరు ఉన్నట్టు నాకు తెలియదు. మా సేట్ గారికి బేగం బజార్‌లో జీడిపప్పు, కిస్మిస్ హోల్‌సేల్ దుకాణం ఉండేది. థియేటర్ ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. ఉద్యోగం ఇచ్చేటప్పుడే ఆయన సంగతి తేల్చి చెప్పారు. "మూడు నెలలు చూస్త సుగుణమ్మా. నడిపిస్తే మంచిదే, లేకుంటే మళ్ల కౌంటర్ల కూసో."

ఆ మూడు నెలల్లో చివరిదైన జులైలో, ఒక శుక్రవారం నాడు జరిగింది ఈ సంగతి.

మేనేజరు పని అంటే చాలామంది తాళం చెవులూ టార్చిలైటూ అనుకుంటారు. అవి ఉంటాయి. కానీ అసలు పని హాలును వినడం. సినిమా బాగుందా లేదా అని జనం చెప్పుకునే మాటను మా వ్యాపారంలో 'టాక్' అంటారు. మొదటి రోజు టాక్ ఏమిటో మధ్యాహ్నానికల్లా డిస్ట్రిబ్యూటర్‌కు, అంటే సినిమాను థియేటర్లకు ఇచ్చే కంపెనీకి, తెలియాలి. నేను దాన్ని నోటిమాటగా చెప్పేదాన్ని కాదు. ప్రతి షోకూ ఒక పేజీ రాసేదాన్ని. ఏ రీల్లో ఈలలు పడ్డాయి, ఎప్పుడు కుర్చీలు కిర్రుమన్నాయి, ఎప్పుడు దగ్గులు మొదలయ్యాయి, పాట లేకపోయినా ఎంతమంది బయటికి లేచారు, ఇవన్నీ అందులో ఉండేవి. విసుగు పుట్టిన హాల్లో ముందుగా వినపడేది దగ్గు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. కింది సీట్లు ఉండే స్టాల్స్ పక్క తలుపు దగ్గర, కర్టెన్ వెనక నిలబడి నేర్చుకున్నాను.

ఆ శుక్రవారం మాకు వచ్చిన బొమ్మ ఇంగ్లీషు నుంచి డబ్బింగ్ చేసింది, ఒక ముసుగు హీరో కథకు రెండో భాగం. మొదటి భాగం కూడా మా దగ్గరే ఆడింది. అందులో హీరో మేడల మీద నుంచి దూకుతాడు, ఊరిని కాపాడతాడు, ఆఖరున విలన్‌ను నేలకేసి కొడతాడు. జనం కుర్చీలెక్కి కాగితాలు ఎగరేశారు. రెండో భాగం అలాంటిది కాదు. వంతెన మీంచి జారుతున్న బస్సును హీరో ఆపుతాడు. ఆపడానికి ఒక గోడను కాలితో తన్నిపట్టి నిలబడతాడు. బస్సులో అందరూ బతుకుతారు. గోడ మాత్రం కూలి, కింద టీ బండి పెట్టుకున్న మనిషి చనిపోతాడు. ఇంటర్వెల్ తర్వాత ఆ మనిషి భార్య కోర్టుకు వెళ్తుంది. హీరో ముసుగు తీసి బోనెక్కుతాడు. "నువ్వు ఎగిరొచ్చేటప్పుడు కిందికి చూశావా?" అని ఆమె అడుగుతుంది. అతను తల ఎత్తి ఆమె వైపు చూస్తాడు. తర్వాత "చూడలేదు" అంటాడు. ఆఖరున ఫైటు లేదు. హీరో కోర్టు పక్క తలుపులోంచి బయటికొచ్చి, అందరితోపాటు సిటీ బస్సెక్కి కూర్చుంటాడు. అంతే సినిమా.

మార్నింగ్ షోకు కోఠి, నాంపల్లి కాలేజీల కుర్రాళ్లే ఎక్కువ. హీరో నీడ గోడ మీద పడగానే ఈలలతో హాలు దద్దరిల్లింది. ఇంటర్వెల్ దాకా నా పేజీ నిండా ఈలలే. ఐదో రీలు నుంచి అవి తగ్గాయి. కోర్టు సీను ఆరో రీల్లో ఉంది. అది మొదలవగానే ముందు వరసలో ఒకతను "లేచి కొట్టు భయ్!" అని అరిచాడు. వెనక నుంచి ఎవరో "చుప్ బే" అన్నారు. ఆ తర్వాత ఒక్క శబ్దం లేదు. దగ్గు కూడా లేదు. లైట్లు వేశాక కూడా కొంతసేపు ఎవరూ లేవలేదు.

లేచాక మాత్రం గొడవ మొదలైంది. ఆరేడుగురు నేరుగా నా గదికి వచ్చారు. ఒకతను వస్తూ వస్తూ వరండాలో పోస్టర్ స్టాండును తన్ని పడేశాడు.

"ఏంది మేడం గిది? పోస్టర్ మీద మంటలు, గాల్లో ఎగురుడు. లోపల జూస్తే కోర్టుల తలకాయ దించుకొని నిలవడుడా హీరో? మోసం చేసిన్రు."

కూర్చోమన్నాను. ఏ సీను నచ్చలేదో చెప్పమన్నాను. అతను కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఏ రంగు చీర లాంటి బట్ట కట్టుకుందో, జడ్జి కళ్లద్దాలు ఎప్పుడు తీశాడో, ఆమె అడిగిన ప్రశ్నలు ఏ వరసలో వచ్చాయో, హీరో చేతివేళ్లు బోను కర్రను ఎట్లా పట్టుకున్నాయో, అన్నీ చెప్పాడు. మధ్యలో స్నేహితులు సరిదిద్దారు కూడా. పది నిమిషాలు పట్టింది. చివరికి, "గదే మేడం, గా సీనే నచ్చలే" అన్నాడు. గొంతు మాత్రం వచ్చినప్పటంత గట్టిగా లేదు.

నేను పేజీలో రాసుకున్నాను: 'కోపం ఉంది. విసుగు లేదు.'

పదిహేను నిమిషాల్లో ప్రసాద్ గారు వచ్చారు. ఆయన డిస్ట్రిబ్యూటర్ తరఫు రిప్రజెంటేటివ్. కాచిగూడ ఆఫీసు నుంచి ఆటోలో దిగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మంచి మనిషే, కానీ ఆ రోజు చెమటలు కక్కుతున్నారు.

"సుగుణ గారూ, మిగతా సెంటర్లలో కూడా ఇదే గోల అండీ. కోర్టు సీను మొత్తం లేపేయించండి. బస్సును ఆపాడు, జనం చప్పట్లు కొట్టారు, శుభం. మ్యాట్నీకల్లా అయిపోవాలి."

అప్పట్లో ఇది కొత్త సంగతి కాదు. టాక్ బాగా లేకపోతే మొదటి రోజే సీన్లు తీసేయడం చాలాచోట్ల జరిగేది. పైన ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ రీలును బల్ల మీద పరిచి, చెప్పిన చోట కత్తిరించి, రెండు కొసలూ అతికిస్తాడు. తీసిన ముక్కను డబ్బాలో దాస్తాడు. కానీ దానికో పద్ధతి ఉంది. ప్రింటు డిస్ట్రిబ్యూటర్ సొత్తు కాబట్టి ఆయన రాతపూర్వకంగా చెప్పాలి. పైగా సెన్సార్ సర్టిఫికెట్‌లో సినిమా పొడవు రాసి ఉంటుంది. సర్టిఫికెట్ ఇచ్చాక సినిమాను ఎవరికి వారు మార్చి ఆడించడం చట్టం ఒప్పుకోదు. తేడా వస్తే ఆడించిన థియేటర్ కూడా జవాబు చెప్పాలి. మా లైసెన్సు సేట్ గారి పేరు మీద ఉంది.

"లెటర్ ఇవ్వండి ప్రసాద్ గారూ, సర్టిఫికెట్ సంగతి కూడా అందులో రాయండి" అన్నాను.

"ఇప్పుడు లెటరేంటండీ బాబూ! ఇన్నేళ్లుగా ఎవరు అడిగారు?" అని ఆయన అక్కడి నుంచే సేట్ గారికి ఫోన్ చేసి, రిసీవర్ నా చేతిలో పెట్టారు.

"ఏంది సుగుణమ్మా పంచాయితీ? ఆయన చెప్పినట్టు చెయ్యి, ఖతం" అన్నారు సేట్ గారు.

ఇక్కడ నేను కొంచెం భయపడ్డానని ఒప్పుకోవాలి. మూడు నెలల గడువు నాకు గుర్తుంది. అయినా రాసుకున్న పేజీ నా ముందుంది. దాన్ని చదివి వినిపించాను. దగ్గు లేదన్నాను, బయటికి లేచినవాళ్లు ఇద్దరే అన్నాను. "సేట్, మ్యాట్నీకి మీరు వచ్చి చూడున్రి. ఆ తర్వాత కూడా తీసెయ్యమంటే లెటర్ తీసుకొని తీసేస్త" అన్నాను.

ఫోన్‌లో ఆయన దుకాణం తక్కెడ చప్పుడు వినపడింది. "వస్త," అన్నారాయన. "నీ మాట తప్పయితే మాత్రం రేపటి నుంచి కౌంటర్ల ఉంటవ్. ఇయ్యాలనే ఫైసలా అయితది."

ఫోన్ పెట్టేశాక నేను చేసిన ఇంకో పనికి ప్రసాద్ గారు తల పట్టుకున్నారు. బోర్డులు రాసే పెయింటర్‌ను పిలిపించి, బుకింగ్ కిటికీ పక్కన ఒక బోర్డు పెట్టించాను. 'ఈ సినిమాలో ఆఖర్న ఫైటింగ్ లేదు. కథ విషాదంగా ఉంటుంది. తెలుసుకుని టికెట్ తీసుకోగలరు.' పందొమ్మిదేళ్లు కౌంటర్‌లో కూర్చున్నదాన్ని. మోసపోయామన్న మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కుర్రాళ్ల ఫిర్యాదులో ఆ ఒక్క మాట న్యాయమైనదే. పోస్టర్‌లో చూపినది లోపల లేదు.

"మీరే జనాన్ని తరిమేస్తున్నారండీ" అన్నారు ప్రసాద్ గారు. క్యూలో బోర్డు చదివి నలుగురైదుగురు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు నిలబడ్డారు.

మ్యాట్నీకి వచ్చే జనం వేరు. నాంపల్లి ఆఫీసుల గుమాస్తాలు, సుల్తాన్ బజార్‌లో చీరలు కొనడానికి వచ్చి వాన పట్టుకుంటే లోపలికొచ్చిన ఆడవాళ్లు, డ్యూటీ దిగినవాళ్లు. సేట్ గారు బాల్కనీ వెనక వరసలో కూర్చున్నారు, ప్రసాద్ గారు ఆయన పక్కన. నేను నా తలుపు దగ్గరికి వెళ్లిపోయాను. యజమాని పక్కన కూర్చుంటే హాలు వినపడదు.

ఆరో రీలు వచ్చింది. ఆమె అడిగింది, "నువ్వు ఎగిరొచ్చేటప్పుడు కిందికి చూశావా?" హీరో తల ఎత్తాడు. సరిగ్గా అక్కడ తెర నల్లబడింది.

రీలు తెగింది. ప్రింటులో ముందే ఉన్న ఒక అతుకు ఊడిపోయింది. మా ఆపరేటర్ సత్తయ్య ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. అయినా తెగిన రీలును తీసి, కొసలు కలిపి, మళ్లీ ఎక్కించడానికి మూడు నాలుగు నిమిషాలు తప్పదు. బొమ్మ తెగితే హైదరాబాద్ హాలు ఏం చేస్తుందో తెలియనివాళ్లు లేరు. ఈలలు వేస్తారు, కుర్చీలు బాదుతారు, ఆపరేటర్ ఇంట్లోవాళ్లందరినీ తలుచుకుంటారు. సేట్ గారు పైన ఉన్న పూటే ఇది జరగాలా అనుకున్నాను.

ఎవరూ అరవలేదు. చీకట్లో ఫ్యాన్ల చప్పుడు, పైకప్పు మీద వాన చప్పుడు వినపడ్డాయి. ముందు వరసలో ఒకాయన లేవబోతే పక్కాయన, "కూసోండ్రి, అతుకేస్తుండు" అన్నాడు మెల్లగా. ఆడవాళ్ల వైపు నుంచి ఒక పెద్దామె ఎవరితోనూ కాదన్నట్టు, "ఏం జెప్తడో ఏమో పాపం" అంది. ఆ తర్వాతి ఏళ్లు కూడా కలిపి ముప్పైకి దగ్గరైన నా ఉద్యోగంలో అట్లాంటి చీకటి ఇంకొకటి చూడలేదు. హాలంతా ఒక్క జవాబు కోసం కూర్చుంది.

వెలుగు వచ్చింది. "చూడలేదు" అన్నాడు హీరో. హాల్లో ఎవరో ముక్కు చీదారు.

షో అయ్యాక స్టాల్స్‌లో ఒకాయన భార్యతో అట్లాగే కూర్చుండిపోయారు. యాభై దాటిన మనిషి. ఒంట్లో బాగా లేదేమోనని నేను దగ్గరికి వెళ్లాను. అప్పటికే మెట్లు దిగి వచ్చిన సేట్ గారు నా వెనక నిలబడ్డారు. తన భర్త ఫైరింజన్ మీద పనిచేస్తారని ఆ భార్య చెప్పింది. తర్వాత ఆ భర్తే మాట్లాడారు.

"సినిమా మంచిగుందని చెప్త లేను మేడం. నా పానం బాగ లేదు ఇది జూస్తే. నిచ్చెన మీంచి ఒకర్ని దించేటప్పుడు పక్క కిడికీల ఎవరున్నరో కానరాదు. తర్వాత వాళ్లోళ్లు వచ్చి అడుగుతరు. నేను గూడ గట్లనే నిలవడ్డ ఒకపారి." ఆయన లేచి నిలబడ్డారు. "ఇయ్యాల్టిదాంక గీ ముచ్చట ఈమెకు చెప్పలే. ఇప్పుడు చెప్పిన."

వాళ్లు వెళ్లాక సేట్ గారు ఒక కుర్చీలో కూర్చుని గడ్డం గోక్కున్నారు. ప్రసాద్ గారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "లెటర్ తెచ్చినా కత్తిరియ్యం ప్రసాద్ గారూ. బొమ్మ ఉన్నది ఉన్నట్టు ఆడతది. బోర్డు గూడ ఉంటది." తర్వాత నాతో, "సత్తయ్యకు చాయ్ పంపియ్యి, పరేషాన్ల ఉండొచ్చు" అన్నారు. ఉద్యోగం గురించి ఆ రోజూ, ఆ తర్వాతా ఆయన ఒక్క మాట అనలేదు. మరుసటి వారం నా గది తలుపు మీద పేరు రాయించారు.

ఊళ్లో చాలాచోట్ల ఆ సీను తీసేశారు. మొత్తం సినిమా అబిడ్స్‌లోనే ఉందన్న మాట పాకింది. రెండో వారంలో కాచిగూడ నుంచే కాదు, బయటి ఊళ్ల నుంచి కూడా వచ్చారు. నచ్చిందన్నవాళ్లు, తిట్టినవాళ్లు దాదాపు సమానంగానే ఉండేవారు. వరండాలో నిలబడి ఒకరితో ఒకరు వాదించుకునేవాళ్లు. తర్వాతి షో జనాన్ని లోపలికి పంపడానికి వాళ్లను బతిమాలి బయటికి నడిపించాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది నాకు బాగానే ఉండేది. నెల తర్వాత ప్రసాద్ గారి కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇకపై తమ ప్రతి సినిమాకూ మా థియేటర్ షో పేజీ నకలు పంపమని అందులో ఉంది. టాక్ రాసి పంపమని ఒక థియేటర్ మేనేజరును కంపెనీ ఉత్తరం రాసి అడగడం నేను అప్పటివరకు వినలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అడిగినవాళ్లకు చూపిస్తాను, అడగనివాళ్లకు కూడా చూపిస్తాను.

ఆ శుక్రవారం నేర్పింది ఇంతే. బయటికి వచ్చిన మనిషి మొదట అనే మాటను టాక్‌గా తీసుకోకూడదు. కోపం, విసుగు బయటికి ఒకేలా వినపడతాయి, కానీ రెండూ ఒకటి కావు. నచ్చలేదన్నవాడిని ఏం నచ్చలేదో అడగాలి, చెప్పిందంతా ఆఖరిదాకా వినాలి. విసుగు పుట్టినవాడి దగ్గర చెప్పడానికి రెండు మాటలకు మించి ఉండవు. నా తర్వాత వచ్చిన ఇద్దరు మేనేజర్లకు తాళాల కన్నా ముందు ఈ సంగతే అప్పగించాను.